గడువు దాటిన కవర్లు

ఉత్తరాలు విడదీసే ఆ హాల్లో ఆవిడ ఇరవై ఆరేళ్ళు నిలబడే పనిచేసింది. గోడ పొడుగునా చెక్క గూళ్ళు. అడ్రసు చదవడం పూర్తయ్యేలోపే కవరు దాని గూట్లో పడేది. అందుకే అందరూ గూళ్ళక్క అనేవారు. ఒక్క ఉత్తరం తప్పు గూట్లో పడితే ఆ పూట అన్నం సయించేది కాదావిడకి.

ఆ ఏడాది, సంచులు తీసుకెళ్ళే సాయంత్రం వ్యాను ఆపేశారు. మధ్యాహ్నం తర్వాత వచ్చిన సంచులు మర్నాటిదాకా గోడవారనే పడుండేవి. ఎన్నికలొచ్చాయి. మంచం పట్టినవాళ్ళు పోస్టులో పంపే ఓట్లు కూడా ఆ సంచుల్లోనే. పై ఆఫీసరుతో మొత్తుకుంది. "రాశానమ్మా పైకి" అన్నాడాయన తలెత్తకుండా.

అప్పుడొచ్చాడు శాసనసభ్యుడు, ఫొటోలు తీసేవాళ్ళని వెంటేసుకుని. మళ్ళీ పోటీలో ఉన్నాడు మరి. ఓ సంచి మీద చెయ్యేసి, "ఈ పోస్టు పనీ, ఈ ఓట్ల భద్రతా నేనే దగ్గరుండి చూసుకుంటా. వారం వారం వస్తా" అన్నాడు. ఆవిడ వైపు తిరిగి, "నీకేం ఇబ్బందమ్మా?" అనడిగాడు.

ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిణ్ణి అడిగిన నాథుడు లేడు. వ్యాను సంగతి చెప్పింది.

"రాసివ్వు తల్లీ. సంగతి నేను తేలుస్తా."

ఏ రోజు ఎన్ని సంచులు ఆగిపోయాయో తేదీలతో సహా రాసిచ్చింది. ఆయన మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంట్లో తమ్ముడు, నడుం విరిగి మూడేళ్ళుగా మంచంలో ఉన్నవాడు, విని నవ్వాడు. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. నీకింకా తెలీదా అక్కా?"

"అందరూ ఒకలా ఉండర్రా" అని కసిరి, ఆయనకే ఓటేయించి, కవరు వీధి డబ్బాలో వేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆ కవరు ఆవిడ చేతికే వచ్చింది. కట్టకట్టి సంచిలో వేసింది. సంచి ఆగిపోయింది. తమ్ముడిదొక్కటీ తీసి ఎన్నికల ఆఫీసులో చేత్తో పట్టుకెళ్ళి ఇచ్చెయ్యొచ్చు. చెయ్యి సంచి దాకా వెళ్ళింది కూడా. అన్నేసి మంది ఓట్లు లోపలుండగా ఒక్కడిది ఎలా తీస్తుంది? మూతి బిగించి కట్టేసింది.

ఆయన ఒక్క వారమూ రాలేదు. గడువు దాటాక చేరాయని మూడొందల నలభై కవర్లు విప్పకుండానే పక్కన పడేశారు. ఆయన గెలిచింది నూట పన్నెండు ఓట్ల తేడాతో.

సెలవు పెట్టి ఆయనింటికి వెళ్ళింది. పొద్దున్నించీ వరండాలో కూర్చుంటే మధ్యాహ్నానికి బయటికొచ్చాడు.

"బాబూ, ఆ కవర్ల సంగతి..."

"గడువు గడువే కదమ్మా. ఇప్పుడవి కెలికితే లేనిపోని అనుమానాలు" అని కారెక్కాడు.

పది రోజులకి ఆవిడకి మెమో వచ్చింది, ఆఫీసు విషయాలు బయటివాళ్ళకి చేరవేసినందుకు సంజాయిషీ ఇమ్మని. దానికి గుచ్చి ఉన్నది ఆవిడ కాగితమే. పైన శాసనసభ్యుడి దస్తూరీలో రెండు ముక్కలు: తగు చర్యకై.

ఆఫీసరు గొంతు తగ్గించాడు. "తెలియక చేశానని రాసెయ్యమ్మా. గొడవ వదిలిపోతుంది."

"తెలిసే రాశాను సార్. అందులో అబద్ధమేదో చూపించండి."

అబద్ధమేదీ దొరకలేదు. ఆవిణ్ణి మాత్రం కిందనున్న గదికి మార్చారు, చిరిగిన పార్సిళ్ళకి అట్టలంటించడానికి. అక్కడ పలకరించే దిక్కు లేదు. పైనుంచి ఎవరైనా దిగినా, ఎక్కడ తమకి అంటుకుంటుందోనన్నట్టు పార్సిలు అక్కడ పడేసి వెళ్ళిపోయేవారు.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. తమ్ముడి పేరున పోస్టు ఓటు ఫారం వచ్చింది. వాడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "నాకొద్దక్కా."

మునుపటి గూళ్ళక్కయితే నాలుగు చీవాట్లు పెట్టి సంతకం చేయించేది. ఇప్పుడు ఫారం మడిచి మందుల డబ్బా కింద పెట్టింది. పంపాల్సిన రోజు వెళ్ళిపోయాక తీసి చింపేసింది.