గోళ్లతో తుంచిన కొత్తిమీర

అరవైల మొదట్లో దోమల మందు కొట్టించే ఉద్యోగం మీద సముద్రం ఒడ్డునున్న మైపాడు వెళ్లాను. పని ముగిసేసరికి మిట్టమధ్యాహ్నమైంది. సాయంత్రం దాకా బస్సు లేదు. ఆఖరున మందు కొట్టించిన ఇంటావిడ పోలమ్మ, "అన్నం తినిపోండి సార్" అంది.

గుమ్మం పక్కన కత్తిపీటకు చేప పొలుసులు అంటుకుని మెరుస్తున్నాయి. మా ఇంట్లో నీసు ముట్టం. ఆ మాట చెప్పలేక, "ఈరోజు ఒక్కపొద్దమ్మా, రాత్రికే భోజనం" అని అబద్ధమాడాను.

"అట్నా సార్" అని ఆమె ఊరుకుంది. ఆకలితో నకనకలాడుతూ సాయంత్రం దాకా రోడ్డు పక్కన కూర్చున్నాను.

బస్సెక్కి కూర్చోగానే పోలమ్మ వచ్చి, కిటికీలోంచి ఆకు పొట్లం అందించింది. ఆమె బొటనవేలి గోరు పచ్చగా ఉంది.

"కొత్తిమీర పచ్చడి సార్. రాత్రికి అన్నంలో కలుపుకోండి. మీరు ఏ ఇంట్లోనూ మంచినీళ్లయినా ముట్టకపోతే, నీసు తగిలిన ఇంట్లో తినరని అప్పుడే తెలిసింది. కత్తిపీట తగలనీలేదు, గోళ్లతోనే తుంచినా. మా రోట్లో నూరలేదు, అంగడి శెట్టిగారింట్లో నూరించుకొచ్చినా."

తలాడించాను. ఆమె పక్కకు జరిగింది. కొత్తిమీర వాసనకు కడుపులో పేగులు అరిచాయి. బస్సు కదలకముందే పొట్లం విప్పి వేలితో నాకడం మొదలుపెట్టాను.

తలెత్తేసరికి పోలమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉంది. నన్ను చూసి, చూడనట్టు సముద్రం వైపు తిరిగింది.