పంచె కట్టిన లైటు

లండన్ శివార్లలో, హారోలోని మా ఇంట్లో ఫ్రంట్ రూమే నా స్టూడియో. సోఫా గోడకి జరిపితే స్టూడియో, మళ్లీ లాగితే ఇల్లు. సీమంతాలకీ, పిల్లల మొదటి పుట్టినరోజులకీ ఇక్కడి తెలుగువాళ్లు ముస్తాబై వచ్చి ఫొటోలు దిగి వెళ్తారు. ఉన్నదల్లా ఒక పాత కెమెరా, స్టాండు మీద ఒక పెద్ద లైటు. ఆ వెలుగు మొహాన సూటిగా కొట్టకుండా, మా నాన్న పోయినసారి వచ్చినప్పుడు మర్చిపోయి వెళ్లిన తెల్ల పంచె దానికి అడ్డం కట్టేదాన్ని. పల్చటి నూలులోంచి వచ్చే ఆ వెలుగు ఎంత మెత్తగా ఉండేదో! లైటుకి తొడగడానికి షాపుల్లో అమ్మే సాఫ్ట్‌బాక్సులు శుద్ధ దండగ అని కనిపించిన వాళ్లందరికీ చెప్పేదాన్ని.

ఆ వేసవి మొదట్లో ఉన్నట్టుండి ఫొటోలు చెడిపోవడం మొదలైంది. మొహాలన్నీ పాలిపోయి, చలికి కొంకర్లు పోయినవాళ్లలా కనిపించేవారు. కంప్యూటర్లో రంగు సరిచేస్తే పట్టుచీరల జరీ కాస్తా ఇత్తడయ్యేది. కెమెరాకి వయసైపోయిందని తేల్చేశాను. మా ఆయన ఒప్పుకోలేదు.

"కెమెరా మంచిగనే ఉంది. ముందుగాల ఆ లైట్ సంగతి చూడు," అన్నాడు.

"పొద్దంత కోడ్ రాసుకునేటోళ్లకు ఫొటోల గురించి ఏం తెలుస్తది?" అని నోరు మూయించాను. ఫోన్లో కొత్త కెమెరాలు చూసుకుంటూ బస్సులో నా స్టాపు దాటి వెళ్లిపోయిన రోజులూ ఉన్నాయి.

అలాంటప్పుడు వచ్చారు ఆంటీ. మా వీధి చివర ఉంటారు, గుంటూరు వైపు వాళ్లు, ఆసుపత్రిలో పిల్లల డాక్టరు. నల్లగా నిగనిగలాడుతూ ఎంత బాగుంటారో! ఆవిడకి మాత్రం ఫొటో అంటే అస్సలు పడదు. పెళ్లి ఫొటోల్లో ఎవరో ఆవిడ మొహానికి సున్నం కొట్టినట్టు తెల్లగా చేసేశారట. అప్పట్నుంచీ ఏ ఫొటోలో చూసినా ఆఖరి వరసలో, ఎవరి భుజం వెనకో సగమే కనిపిస్తారు. ఇప్పుడు రిటైరవుతున్నారు. వార్డు గోడకి పెట్టుకుంటామని తోటివాళ్లు ఫొటో అడిగారని, తప్పనిసరై వచ్చారు.

ఒళ్లోంచి హ్యాండ్‌బ్యాగు దించకుండానే కూర్చున్నారు. ఒక్కటి తీయగానే లేచి వచ్చి చూసుకున్నారు. బూడిదరంగు మొహం.

"పర్లేదులేమ్మా. నా మొహమే అంత, నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అన్నారు నవ్వుతూ, చెప్పులు వెతుక్కుంటూ.

నా ప్రాణం ఉసూరుమంది. "శనివారం మళ్లీ రండి ఆంటీ, కొత్త కెమెరాతో తీస్తాను. ఈసారి కూడా నచ్చకపోతే జన్మలో మిమ్మల్ని ఫొటో దిగమనను," అన్నాను. సరేనన్నారు గానీ నమ్మినట్టు లేరు.

శనివారం పొద్దున కెమెరా కొనడానికి బయల్దేరబోతూ చూస్తే లైటు మీద పంచె కనిపించలేదు. అమ్మని కేకేశాను. అమ్మ హనుమకొండ నుంచి వచ్చి నెల దాటింది.

"డాక్టరమ్మ వస్తదంటివి గద. పంచె ఉతుకుతున్న," అంది బాత్రూంలోంచి.

వెళ్లి చూద్దును కదా, టబ్బు నిండా నీలం నీళ్లు. అందులో నాన్న పంచె. పక్కన అమ్మ ఊరి నుంచి తెచ్చుకున్న నీలిమందు సీసా.

"అమ్మా! ఎప్పటి సంది పెడుతున్నవే నీలిమందు?"

"ఒచ్చినప్పటి సంది, వారం వారం. మీ నాయిన పంచె మల్లెపువ్వు లెక్క ఉండాలె. మీ మిషిన్ల ఏం తెల్లగైతయి?"

అక్కడే నేల మీద కూలబడి పడీ పడీ నవ్వాను. నా కంటికి తెల్లగా కనిపించిన పంచె వారం వారం నీలం ఎక్కుతూనే ఉంది. దానిలోంచి వచ్చే వెలుగూ నీలమే. నెల రోజులుగా హారో తెలుగువాళ్ల మొహాలన్నింటికీ మా అమ్మ నీలిమందు పెట్టిందన్నమాట! మా ఆయన గుమ్మంలో నిలబడి, ఒక్క మాట కూడా అనకుండా, మీసాల్లో నవ్వుకుంటున్నాడు. అది ఇంకా ఒళ్లు మండే సంగతి.

"సరే, నువ్వే గెలిచినవ్. నడువు," అన్నాను. షాపులో కెమెరాల అద్దాల బీరువా ముందు కాసేపు నిలబడిన మాట నిజమే. కానీ సాఫ్ట్‌బాక్సు మాత్రమే కొనుక్కుని బయటపడ్డాను.

మధ్యాహ్నం ఆంటీ ఆకుపచ్చ పట్టుచీరలో వచ్చారు. "ఒక్కటేనమ్మా," అంటూ స్టూలు అంచున కూర్చున్నారు, ఒళ్లో హ్యాండ్‌బ్యాగుతో సహా. అదే పాత కెమెరాతో తీశాను.

తెర మీద ఆవిడ మొహం ఆవిడ రంగులోనే ఉంది. బుగ్గ మీద ఆ నిగనిగ, భుజం మీద జరీ బంగారం, అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. ఆంటీ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

ఆవిడ హ్యాండ్‌బ్యాగు మా అమ్మ చేతిలో పెట్టారు. "కాస్త పట్టుకోండి వదినగారూ," అని వెళ్లి, ఈసారి స్టూలు మధ్యలో స్థిరంగా కూర్చున్నారు.

"ఇంకోటి తియ్యమ్మా. ఇందాక నేను నవ్వలేదు."