మైదానం ఇడ్లీ

నా కూతురు ఆ ఫారం తెచ్చిన రోజు నేను మినప్పప్పు కడుగుతున్నాను. పొట్టు పైకి తేలుతుంటే వంపుతున్నాను. అది గుమ్మంలో కూర్చుని, ఇంగ్లీషులో ఉన్న ప్రశ్నలు ఒక్కొక్కటీ చదివి నాకు తెలుగులో చెప్పింది. నీ బలాలు ఏమిటి? నీకు తగిలిన పెద్ద ఎదురుదెబ్బ ఏమిటి, దాన్నుంచి ఏం నేర్చుకున్నావు? ఇంకో పదేళ్ళకు ఏం కావాలనుకుంటున్నావు?

"ఏటే, ఇది సదువుకా, సంబంధానికా?" అన్నాను. "నన్ను సూసుకోడానికి మీ నాన్నోలు వొచ్చినప్పుడు కూడా ఇన్ని అడగలేదు. వొంటొచ్చా అన్నారు, రాదన్నాను, అయిపోనాది."

"బిజినెస్ స్కూలమ్మా. ఊరికే రానిస్తారేటి?"

వ్యాపారం నేర్పే బడి! కలకత్తా ఖిదిర్‌పూర్ డాక్ గేటు ఎదుట టార్పాలిన్ కింద పొయ్యి పెట్టుకుని ఇరవై ఏళ్ళుగా ఇడ్లీ అమ్ముతున్నదాని కూతురు వ్యాపారం నేర్చుకోవడానికి ఫారం నింపుతోంది. ఆ మాట పైకే అన్నాను. అది వినిపించుకోలేదు.

నేను సంతకం పెట్టడం వరకే నేర్చుకున్నాను. ఈ రాత మా పక్కింటి కొత్త కోడలిది. నేను చెబుతుంటే రాస్తోంది. నా గొంతు పొయ్యి పొగకీ, గేటు దగ్గర అరుపులకీ అరిగి బొంగురు పోయింది. నా మాట మోటు. ఆ రెండూ కాగితం మీద కనబడకుండా దిద్దుతానంది. దిద్దుకోమన్నాను. మేము మాట్లాడుకున్న మాటలు మాత్రం ముట్టుకోవద్దన్నాను.

నా భర్త శ్రీకాకుళం వైపునుంచి వచ్చి డాక్‌లో మూటలు మోసేవాడు. పచ్చకామెర్లు వచ్చి పోయాడు. అప్పటికి పిల్లకు మూడేళ్ళు. ఆ ఏడే నేను పొయ్యి వెలిగించాను. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళే కూలీలు, ఎక్కువమంది మా వైపువాళ్ళే, ఇడ్లీ తిని లోపలికి వెళ్ళేవారు. ఆ పొయ్యి మీదే పిల్ల బీకాం దాకా వచ్చింది. ఇప్పుడొక ఆఫీసులో బిల్లులు టైపు చేస్తోంది.

కిందటేడు కూడా ఇదే బడికి రాసింది. పరీక్ష నెగ్గింది, ఇంటర్వ్యూకి పిలిచారు, వెనక్కి పంపేశారు. ఈసారి కూడా పంపేస్తే ఇక అడగననీ, ఆ బిల్లుల కుర్చీలోనే పర్మనెంటుగా కూర్చుండిపోతాననీ చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. దాని నవ్వులు నాకు తెలుసు. చిన్నప్పుడు ఒంట్లో జ్వరం దాచుకుని బడికి పోవాలన్నా ఇలాగే నవ్వేది.

మొదట బలాలు. ఏదో గైడు పుస్తకంలోంచి ఎత్తి రాసుకొచ్చింది: నాయకత్వం, సమయపాలన, ఒత్తిడిలో ప్రశాంతత.

"సమయపాలనంటే ఏటి?"

"అన్నీ టైముకి సేసుకోడం."

"మరి పొద్దున్న కుళాయి కాడ నీ బిందె వరసలో ఎవులెట్టినారు?"

"అమ్మా!"

"ఆ మూడోదేటి, పెశాంతమా? మొన్న బొద్దింక ఎగిరినప్పుడు నువ్వెట్టిన కేక వాట్‌గంజ్ దాకా ఇనిపించింది. అదేనా?"

"ధ్యాత్!" అంది. కోపమొస్తే దానికి బెంగాలీ వస్తుంది. "పోనీ నువ్వే సెప్పు నా బలమేటో."

నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను, చేతులు నీళ్ళలోనే ఉన్నాయి. "బస్సులో పక్కన కూకున్న మనిషి ఇంట్లో ఏటి వొండుకున్నారో కూడా అడిగి తెలుసుకునొస్తావు. అదీ నీ బలం."

"అది బలం కాదు, ఆరా."

"ఆరానే సెప్తన్నాను."

అది రాసుకోలేదు. తర్వాతి కాగితం తీసింది. ఎదురుదెబ్బ. ఇంగ్లీషు చాలా సొగసుగా చదివింది, గొంతు కూడా కొంచెం వణికించింది. తెలుగులో చెప్పమన్నాను. 'మూడేళ్ళ వయసులో తండ్రిని కోల్పోయాను. ఆ విషాదం నాకు పట్టుదల నేర్పింది' అట.

పప్పు గిన్నె కింద పెట్టాను.

"ఆ ముక్క కొట్టెయ్యి."

"ఎందుకు?"

"అది నీ దెబ్బ కాదు. నాది. నా దెబ్బ నీ ఫారంలో రాయొద్దు."

"మా నాన్న కాడేటి?"

"నీ నాన్నే. ఆ రోజు నువ్వేటి సేసినావో తెలుసా? వొచ్చినోల సెప్పులన్నీ గుమ్మం కాడ జతకి జత పేర్సి ఆడుకున్నావు. సాయంత్రం జిలేబీ గావాలని ఏడ్సినావు. నీ పట్టుదలంతా ఆ జిలేబీ మీదే."

నవ్విద్దామని అన్నాను. అది నవ్వలేదు. కాగితం మడత పెడుతూ, ఏడాదిగా దాచుకున్న సంగతి అప్పుడు చెప్పింది. కిందటేడూ ఇదే రాసిందట. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన మెత్తగా, 'అప్పుడు నువ్వేం చేశావమ్మా?' అని అడిగాడట. దీనికి నోట మాట రాలేదట. ఏం చెబుతుంది? చెప్పులు పేర్చానని చెబుతుందా?

"మరి ఈయేడు మల్లీ అదే ఎందుకు రాస్తన్నావే?"

"మరేటి రాయను? నాకింకే దెబ్బుంది?"

"ఎందుకు నేదు? మైదానం ఇడ్లీ నేదేటి?"

దాని ముఖం పెనం మీద మర్చిపోయిన అట్టులా మాడిపోయింది.

ఆ కథ చెప్పాలి. అప్పుడు దానికి పదిహేడేళ్ళు. చలికాలం. మైదానంలో పెద్ద మీటింగని మా వీధుల నిండా ఎర్రజెండాలు కట్టారు. జిల్లాల నుంచి లారీల్లో, రైళ్ళలో జనం దిగుతారని, హౌరా నుంచి నడిచే వస్తారని చెప్పుకున్నారు. మా పిల్ల బుర్ర పని చేసింది. వచ్చేవాళ్ళంతా కూలీలు. కూలీలు పొద్దున్నే ఇడ్లీ తింటారు. ఊహ తెలిసినప్పటి నుంచీ గేటు దగ్గర చూసింది అదే కదా! మా సందులో పెరిగినవాళ్ళకు లోకంలో కూలీలందరూ శ్రీకాకుళం నుంచే వచ్చారనిపిస్తుంది. మూడు వందల ఇడ్లీలంది. పిండి రుబ్బి వండేసరికి ఇంకా ఎక్కువే అయ్యాయి. సాంబారు గుండిగతో సహా సైకిల్ వ్యాన్ ఎక్కించి తీసుకుపోయాం.

జనం వచ్చారు. నేల కనబడకుండా వచ్చారు. ఒక్కొక్కరి తువ్వాలు కొంగులో మరమరాలు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. అవే నములుతూ మా ముందు నుంచి నడిచి, మా ఇడ్లీలను జాలిగా చూసి పోయారు. ఒక్క ముసలాయన ఆగాడు. తెల్లగా గుండ్రంగా ఉన్నవాటిని చూసి పిఠే అనుకున్నాడు. చలికాలంలో బెంగాలీలు బియ్యప్పిండితో ఆవిరి మీద చేసుకుని, ఖర్జూరపు బెల్లం అద్దుకుని తినే పిండివంట అది. ఒక ముక్క కొరికి, "గుడ్ కోయ్, మా?" అన్నాడు. బెల్లమేదమ్మా అని.

నా కూతురు ఆయనతో వాదనకు దిగింది. ఇది పిఠే కాదు దాదూ, ఇడ్లీ, సాంబారుతో తినాలి అని బెంగాలీలో పాఠం చెప్పింది. ఆయన పాపం అంతా విన్నాడు. సాంబారు వాసన చూశాడు. మిగిలిన ముక్కను మెల్లగా ఆకులో పెట్టి, ఆకును మళ్ళీ మా చేతికే ఇచ్చాడు.

సాయంత్రానికి అమ్ముడైనవి పదకొండు. అందులో నాలుగు తోడు వచ్చిన మా సందువాళ్ళు తిన్నవే. రెండు రోజులు సందంతా ఇడ్లీ ఉప్మా, ఇడ్లీ పులుసు. మూడో రోజు మేకలు కూడా మొహం తిప్పుకున్నాయి. అప్పటినుంచి దాని పేరు మైదానం ఇడ్లీ. పెట్టింది నేనే. అది ఏదైనా కొత్త మాట చెబితే చాలు, "మైదానం ఇడ్లీ మల్లీ పొయ్యెక్కినాదిరా" అనేదాన్ని. సందంతా నవ్వేది. అదీ నవ్వేది.

ఇప్పుడు మాత్రం, "నానది రాయను, నవ్వుతారు" అంది.

"నవ్వనీ. నవ్విన నోటితో తిట్టలేరు."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేను గేటు దగ్గర నుంచి వచ్చేసరికి కాగితాలు ముందేసుకుని కూర్చుని ఉంది.

"అమ్మా, ఆ మీటింగు వారం బజార్లో ఖర్జూరపు బెల్లం ఉందేటి?"

"మన పొయ్యి పక్క కొట్లోనే ఉంది. ఈగలు కూడా దాని మీదే ఉన్నాయి."

"మరి నానెందుకు ఆ తాతతో గొడవెట్టుకున్నాను?"

"ఎందుకేటి? ఆయన ఆకలి తీరడం కాదు నీకు గావాల్సింది. మన ఇడ్లీ గెలవడం."

కలం కొరుక్కుంటూ కూర్చుంది. ఊళ్ళో అందరి వంటా ఆరా తీసే పిల్ల ఆ ఒక్క రోజు ఆరా తీయలేదు. అదే రాసింది. పెద్ద కంపెనీలో మేనేజరవుతానని రాసుకున్న పదేళ్ళ ముక్క కూడా కొట్టేసింది. దాని బదులు ఏం రాశావంటే, "వొండకముందే అడగడం నేర్సుకుంటానన్నాను" అంది.

"దానికి రెండేల్ల బడి గావాలేటి?"

"నీకు ఇరవై యేల్లయినా రానేదు కదా!"

నా కూతురే మరి.

ఇంటర్వ్యూ రోజు సాంబారులో ఉప్పు మర్చిపోయాను. గేటు కాపలా దాదా, "మాసీ, మనసెక్కడ పెట్టావు?" అని అడిగాడు. నేను కసిరాను. మధ్యాహ్నం అది ఇస్త్రీ బట్టల్లోనే నేరుగా పొయ్యి దగ్గరికి వచ్చింది. బల్ల మీద కూర్చుని చెప్పింది. కిందటేటి పెద్దాయనే ఉన్నాడట. అదే ప్రశ్న, అదే మెత్తగా: అప్పుడు నువ్వేం చేశావమ్మా? ఈసారి ఇది ఆగకుండా చెప్పిందట. మేకల దగ్గరికి వచ్చేసరికి ఎదుట కూర్చున్న ముగ్గురూ నవ్వారట. బెల్లం పెట్టి ఉంటే నేనూ తినేవాణ్ణని ఆ పెద్దాయన అన్నాడట.

"ఇంకొకాయన అడిగినాడు, అన్నన్ని ఇడ్లీలు వొండడానికి ఇంట్లో ఎవులొప్పుకున్నారని. ఎవులూ కాదు, తప్పంతా నాదే అన్నాను."

నా చేతిలో గరిట ఆగిపోయింది. ఆ బియ్యం నానబోసింది నేను. మూడు వందలని అది అంటే ఒక్కసారైనా వద్దనలేదు సరికదా, అది చూడకుండా ఇంకో రెండు సోలలు పోశాను. చాలకపోతే పిల్ల చిన్నబోతుందని. నాక్కూడా మైదానమంతా మన ఇడ్లీ తింటుందనే అనిపించింది. ఆ సంగతి ఆరేళ్ళు మింగేసి, పేరు మాత్రం దానికి పెట్టాను.

"అదేటే, సగం నాది కాదేటి? నాను రెండు సోలలు..."

"ఎక్కువేసినావు. తెలుసు. పిండి రుబ్బిందెవులనుకున్నావు?"

"తెలిసే ఊరుకున్నావా? మరి ఆల్లకి సెప్పొద్దా?"

"నీ దెబ్బ నా ఫారంలో రాయొద్దన్నావు కదా," అంది, నా గరిట లాక్కుని కొబ్బరి చట్నీ వేసుకుంటూ. "నీ ఫారం నువ్వు రాసుకో."

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. సీటు ఇచ్చారు. గేటు దగ్గర అందరి ముందూ చదివింది. మా వైపు ముసలి కూలీ ఒకాయన, "మైదానం ఇడ్లీ పాసైపోనాదిరోయ్!" అని కేక పెట్టాడు.

"ఆ పేరెట్టి పిలవకు దానిని," అన్నాను.

"ఓలమ్మా, ఎట్టింది నువ్వే కదే!"

నిజమే. అందుకే పక్కింటి కోడల్ని కూర్చోబెట్టి ఇదంతా రాయిస్తున్నాను. నాకు ఫారం ఎవరూ ఇవ్వలేదు, ఇదే నా ఫారం. దెబ్బ అన్నచోట ఆ రెండు సోలల బియ్యం రాయమన్నాను. బలం దగ్గర ఏం రాయాలో తోచలేదు. నా కూతుర్ని అడిగితే 'నోరు' అంది. సరే, అదే రాయమన్నాను. పదేళ్ళ సంగతి నాకు తెలీదు. ఈ చలికాలం సాంబారు పక్కన ఒక గిన్నెలో ఖర్జూరపు బెల్లం పెట్టమని అది రోజూ పోరుతోంది. ఇడ్లీకి బెల్లమేమిటి, నా ప్రాణం ఒప్పుకోవడం లేదు. బెల్లం మాత్రం నిన్ననే కొన్నాను.