టీవీలో దొరికిపోయిన నా గొంతు

మొన్న ఆదివారం మా ఇంటికొచ్చిన వియ్యాలవారు మా టీవీలో ఏటి విన్నారో చెప్తాను. అంతా విన్నాక నన్ను మీ ఇళ్లల్లో ఫంక్షన్లకి పిలుస్తారో మానెస్తారో మీ ఇష్టం.

మాది సెక్టర్ 4లో క్వార్టర్. మా ఆయనకి ఇక్కడి స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం. నాకు వీడియోల పిచ్చి. మనవాళ్ల పుట్టినరోజులు, బాప్తిస్మాలు, గృహప్రవేశాలు నేనే తీసి, ఇంట్లో కూర్చుని ఎడిట్ చేస్తుంటాను. మా ఆడపడుచు దివ్య పెళ్లి తీసేసరికి లాప్‌టాప్ నిండిపోయింది. హార్డ్ డిస్కులేమో బిస్కెట్ డబ్బాలో పడున్నాయి. ఏది దేనిదో తెలీదు, ఒక్కొక్కటీ తగిలించి చూసుకోవడమే.

సరే, నాస్ కొనేద్దామనుకున్నాను. నాస్ అంటే వైఫై రూటర్‌కి తగిలించే స్టోరేజ్ బాక్స్. లోపల రెండు డిస్కులుంటాయి. ఒకటి పోయినా రెండోదాంట్లో కాపీ ఉంటాది. ఇంట్లో ఏ గదిలో కూర్చున్నా ఫైలు తెరుచుకోవచ్చు.

రివ్యూలు చూసీ చూసీ బుర్ర వేడెక్కిపోయాక, మా ఆయన్ని తీసుకుని పక్కూరు దుర్గ్‌లో ఒక షాపుకెళ్లేను. షాపు భయ్యా రెండు మోడల్స్ ముందు పెట్టేడు. మొదటిది మంచి స్పీడు, అంతకుమించి ఏమీ లేదు. రెండోది కాస్త నెమ్మది గాని, అందులో వీడియోలు నేరుగా టీవీలో కనిపిస్తాయి.

"ఎడిటింగ్ కే లియే పహలా వాలా లే లో దీదీ," అన్నాడు, ఎడిటింగ్‌కైతే మొదటిదే తీసుకోమని.

"టీవీలో రాకపోతే ఎందుకే అది? అమ్మ కూడా చూడాల కదా," అన్నారు మా ఆయన.

ఎడిట్ చేసేది నేను. అయినా, మొదటిది కొంటే ఇంటికెళ్లేదాకా, వెళ్లేక కూడా అదే మాట వినాల. రెండోదే తీసుకున్నాను.

సెటప్ చేస్తుంటే, ఇందులో ఉన్నవన్నీ ఇంట్లో ఉన్న అన్ని డివైసులకీ చూపించాలా అని అడిగింది. ఇంట్లోవాళ్లే కదా అని ఎస్ నొక్కీసేను. ఎడిట్ చేసినవీ చెయ్యనివీ, పెళ్లి వీడియోలన్నీ అందులోకి ఎక్కించీసేను.

ఆదివారం సాయంత్రం దివ్య అత్తగారు సత్యవతిగారు, మామగారు పెళ్లి వీడియో చూద్దామని వచ్చేరు. నేను వంటింట్లో పకోడీలు వేస్తున్నాను.

"నువ్వు రానక్కర్లేదు, టీవీలో వచ్చీసింది. నేను పెడతాను," అన్నారు మా ఆయన హాల్లోంచి.

సన్నాయి వినిపిస్తాదనుకున్నాను. నా గొంతు వినిపించింది.

"లతా, ఆవిడ చీర చూసేవేటి? సోఫా గుడ్డలాగ ఉన్నాది."

పకోడీల ప్లేటుతో హాల్లోకి పరిగెట్టేను. లత మా తోటికోడలు. పెళ్లిలో నేను కెమెరా పట్టుకుని ఉంటే పక్కనే నిలబడింది. మేం చెప్పుకున్న కబుర్లన్నీ మైక్‌లో పడిపోయేయి. ఎడిటింగ్‌లో ఆ సౌండు తీసేసి పాట పెడతాను కదా అని నేను పట్టించుకోలేదు. మా ఆయన పెట్టిందేమో ఎడిట్ చెయ్యని క్లిప్పు.

టీవీలో నేను ఆగలేదు. "ప్రతి ఫొటోలోకీ వచ్చేస్తన్నారే ఆవిడ. పంతులుగారికి కూర్చోడానికి చోటు లేదు."

ఆవిడ అంటే సత్యవతిగారు. ఇప్పుడు మా సోఫాలోనే కూర్చున్నారు. రిమోట్ కోసం చెయ్యి చాపేను. అది మా అత్తమ్మ చేతిలో ఉన్నాది.

"ఆపకండి," అన్నారు సత్యవతిగారు. చేతిలో టీ కప్పు పక్కన పెట్టేరు. నా మొహం చూడలేదు, టీవీనే చూస్తున్నారు. "చీర మాట నిజమే. మా ఆడపడుచు కొన్నాది. కట్టకపోతే బాధ పడతాదని కట్టేను. ఫొటోల మాట మాత్రం అబద్ధం. నేనెక్కడ అడ్డం వచ్చేను?"

సరిగ్గా అప్పుడే తెర మీద ఎడమ పక్కనుంచి ఆవిడ వచ్చేరు. పంతులుగారి భుజం మీద చెయ్యేసి, ఆయన్ని మెల్లిగా పక్కకి జరిపి, కెమెరా కేసి చూసి నవ్వేరు.

ముందు నవ్వింది సత్యవతిగారే. తర్వాత ఆవిడ భర్త నవ్వడం మొదలెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకోవలసొచ్చింది. నేను క్షమించమని ఏదో గొణిగేను. ఆవిడ నా చేతిలో ప్లేటు తీసుకుని, "కూర్చో అమ్మా, చల్లారిపోతాయి," అన్నారు.

గండం గడిచిందనుకుని కూర్చోబోయేను. అప్పుడు అత్తమ్మ రిమోట్ పట్టుకుని నా వైపు తిరిగేరు.

"మెహందీ రోజుది ఎక్కడున్నాదమ్మా?"

మెహందీ రోజు నేనూ లతా మాట్లాడుకున్నది అత్తమ్మ గురించే.

"అది ఇంకా ఎడిటింగ్ అవ్వలేదత్తమ్మా."

"అందుకే అడుగుతున్నాను," అన్నారావిడ. ఎక్కడున్నాదో ఎవరూ చెప్పకుండానే వెతికి రిమోట్ నొక్కీసేరు.

ఇంకో వాయి వెయ్యాలని చెప్పి వంటింట్లోకి వచ్చీసేను. నూనె చిటపటల్లోంచి కూడా నా మాటలు ఒక్క ముక్క పోకుండా వినిపిస్తున్నాయి. రికార్డింగ్ క్వాలిటీకి మాత్రం ఎవరూ వంక పెట్టలేరు.