వైరు పీకినా ఆరని లైటు

ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కుతుండగా మా కారులో ఆయిల్ ప్రెషర్ ఎర్ర లైటు వెలిగింది. ఇంజన్ ఆపేసి పక్కన నిలిపాను. వెనక సీట్లో ఐదు నెలల పాప. మావారు ఫోన్ ఎత్తలేదు. ఈ ఊళ్లో ఇంకెవరికి చేయాలో తోచలేదు.

ముందు ఆగి ఉన్న షూటింగ్ వ్యాను డ్రైవరు దిగి వచ్చాడు. మా నాన్న వయసు ఉంటుంది. బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూశాడు.

"ఆయిల్ మంచిగనే ఉంది బిడ్డా. సెన్సర్ వైరు పీకిన. స్టార్ట్ చెయ్యకు, చాబీ తిప్పు అంతే. లైటు పోయిందా?"

"లేదండీ, వెలుగుతూనే ఉంది."

"సెన్సర్‌తోని సంబంధమే లేదు. మరి లైటుకు ఎవరు చెప్తున్నరు?" అని నవ్వాడు.

ఒరుసుకుపోయి ఇంజన్‌కు తగులుతున్న చోట ఆ వైరుకు టేపు చుట్టి, మళ్లీ తగిలించాడు. స్టార్ట్ చేయగానే లైటు ఆరిపోయింది.

"ఇంజన్‌కు ఏం కాలే. వైరే ఉత్తగ భయపెట్టింది. అయినా రేపు మెకానిక్‌కు చూపియ్యి."

ఆ రోజంతా నాతో మాట్లాడిన మనిషి ఆయనొక్కడే. పేరైనా అడగలేదు.

ఇప్పుడు పాప నిద్రపోతోంది. తనకేదో అయిందని నా గుండె ఊరికే దడదడలాడుతోంది. ఇదివరకైతే లేపేసేదాన్ని, ఇద్దరం ఏడ్చేవాళ్లం. ఈమధ్య ముందు పాప పొట్ట మీద చెయ్యి వేసి చూస్తున్నాను. మెల్లగా లేస్తూ దిగుతోంది. వైరే, అనుకున్నాను. చెయ్యి మాత్రం ఇంకా తీయలేదు.