మా టీవీ ముందు పెద్దమ్మ

పోయిన నెల ఓ పొద్దున్న మా పెద్దమ్మ పోయింది. పక్కనే ఉన్న వాళ్లింట్లోంచి కేకలు వినబడితే అమ్మ స్టవ్ కట్టేసి పరిగెత్తింది. గంట తర్వాత వచ్చి మా గుమ్మంలో కూర్చుంది. ఏడవలేదు. సొంత అప్పాచెల్లెళ్లే, కానీ ఆ ఇద్దరికీ ఏడేళ్లుగా మాటల్లేవు.

గొడవేమిటో నాకిప్పటికీ సరిగ్గా అంతుపట్టలేదు. మా భావనపాడు సముద్రపొడ్డు ఇసుకలో ఇద్దరూ కలిసి ఎండబెట్టిన చేపలు ఓరోజు వానకు తడిసిపోయాయట. నువ్వు తీస్తావనుకున్నానని అమ్మ, నువ్వే తీస్తావనుకున్నానని పెద్దమ్మ. ఇంతోటి దానికి ఏడేళ్లా?

అయినా రోజూ సాయంత్రం ఆరున్నరకి పెద్దమ్మ చేతులకి నిమ్మతొక్క రుద్దుకుని మా ఇంటికొచ్చేసేది. వాళ్లింట్లోనూ టీవీ ఉంది. మా దాంట్లో బొమ్మ బాగుంటుందనేది. ఆ టైముకి వచ్చేది అప్పాచెల్లెళ్లు కొట్టుకునే కామెడీ సీరియల్. చాపకి ఆ చివర అమ్మ, ఈ చివర పెద్దమ్మ, మధ్యలో నేను. ప్రకటనలొస్తే పెద్దమ్మ నా తల దువ్వేది. చేపల వాసన, నిమ్మ వాసన కలిసిపోయిన ఆ చేతులంటే నాకు ప్రాణం.

సీరియల్లో చెల్లి ఓసారి అక్క కొత్త చీర కట్టుకెళ్లి మరక చేసుకొచ్చింది.

"సిన్నది సరదాపడి కట్టుకుంటే ఏటైపోనాది? అక్కే గయ్యాళిది," అంది పెద్దమ్మ టీవీతో.

"అక్క ఓపిక పట్టబట్టే ఆ కొంప నిలబడ్డాది," అంది అమ్మ. అదీ టీవీతోనే.

రోజూ ఇదే వరస. పెద్దది చెల్లి పక్షం, చిన్నది అక్క పక్షం. ఎవరి పక్షాన వాళ్లుండాలి గదా, వీళ్లకేమైనా తిక్కా అనుకునేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక పెద్దమ్మనే అడిగేశాను.

"ఒసే, సీరియల్ సూడనీ," అంది.

దినాలయ్యాక అమ్మని నిలదీశాను. "బతికుండగా ఒక్కమాట మాట్లాడలేకపోయావా?"

అమ్మ నన్ను వింతగా చూసింది. "ఏటి మాటాడనేదు? ఏడేళ్లూ రోజూ మాటాడుకున్నాం గదా. నువ్వు మద్దినే కూసున్నావు."

మరి అదంతా తగువా, ప్రేమా? నేను మధ్యలో కూర్చుని ఏం విన్నట్టు?

నిన్న ఆరున్నరకి అమ్మ మళ్లీ సీరియల్ పెట్టింది. చాపకి ఆ చివరే సర్దుకుని కూర్చుంది. టీవీలో అక్క చెల్లిని తిడుతోంది.

"అక్కదే రైటు," అంది అమ్మ.

ఖాళీగా ఉన్న ఈ చివరకేసి చూసింది. తర్వాత టీవీ సౌండు బాగా తగ్గించి, మళ్లీ అంది.

"అక్కదే రైటు."