‘అండీ’ లేని మాట

ఫ్యాక్టరీల్లో భారీ యంత్రాలను ఎత్తి, దించి, కుదురుగా నిలబెట్టే ముఠాకు ఆమె పెద్ద. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందరికీ గొంతక్క. చిన్నప్పుడు గట్టిగా మాట్లాడితే అమ్మమ్మ కసిరేది. చివరికి ఆ గొంతే అన్నం పెట్టింది. చెక్క దిమ్మలు అందించే కూలీగా చేరిన కొత్తలో, కొక్కెం జారుతుండగా ఆమె కంటపడింది. “ఆపు!” అని అరిచింది. గొలుసు లాగుతున్న మగవాళ్లు అరిచిందెవరో చూడకుండానే ఆగిపోయారు. కింద ఉన్న మనిషి బతికిపోయాడు. ఆ తర్వాత బరువు గాల్లో ఉన్నప్పుడు కేకవేసే పని ఆమెదే అయింది.

ఇప్పుడా పని అమ్మాయిలకు నేర్పుతోంది. ఐటీఐ చదివి వచ్చే పిల్లలకు కొలతలు వచ్చు, పనిముట్లు తెలుసు. రానిదల్లా ఒకరికి ఆజ్ఞ ఇవ్వడమే. వాళ్లందరిలోకీ మొండిఘటం సొంత అక్క కూతురు.

ఆ రోజు మోటారు దించుతుంటే ఆ పిల్ల, “బాబాయ్ గారూ, కాస్త ఆపుతారా అండీ” అంది. మాట పూర్తయ్యేలోపు మోటారు వెళ్లి గోడకు తగిలింది. పెచ్చు ఊడిపడింది.

గొలుసు లాగే బాబాయ్ పగలబడి నవ్వాడు. “నువ్వు అండీ దాకా వచ్చేసరికి మోటారు గోడ దాకా వచ్చేసిందమ్మా!”

మేనేజరు నవ్వలేదు. “ఆడపిల్లలకి ఇదంతా ఎందుకక్కా? స్టోర్లో కూర్చోబెడదాం. రేపు లేతు మిషను మీరే దించండి.”

“రేపు కూడా అదే దింపుతుంది సార్.”

“తేడా వస్తే?”

“స్టోరుకి పంపేయండి. ఇంకే పిల్లనీ ఈ పనిలో పెట్టమని మిమ్మల్ని అడగను.”

అనేసింది గానీ, చేతిలో ఉన్నది ఒక్క పూటే.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్లి, బావ కళ్లకు తువ్వాలు కట్టి, నిండు బకెట్ చేతికిచ్చింది. వంటింటి దాకా కూతురే దారి చెప్పాలి. “నాన్నగారూ, కొంచెం ఎడమవైపు...” అనేలోపు సగం నీళ్లు ఆయన కాళ్ల మీదే పడ్డాయి. మళ్లీ నింపారు. మళ్లీ ఒలికాయి. చివరికి పిల్ల విసిగిపోయి, “ఆగు!” అని అరిచింది.

బావ తువ్వాలు పీకేశాడు. “ఆగు ఏమిటే? నేనేమన్నా నీ తమ్ముడినా?”

“ఈసారి నీళ్లు ఒలికాయా లేదా, అది చూడండి బావా,” అని గొంతక్క పిల్ల వైపు తిరిగింది. “బరువు నేలను తాకాక ఎన్ని అండీలైనా పెట్టుకో. గాల్లో ఉన్నంతసేపు ఒక్క గొంతే వినపడాలి. ఇంకెవరు నోరు తెరిచినా మూయించాలి, తెలిసిందా?”

“పెద్దవాళ్లయితే పిన్నీ?”

“ఎవరైనా సరే.”

మర్నాడు లేతు మిషను గొలుసుకు వేలాడుతోంది. “దించు... దించు... ఆపు.” పిల్ల గొంతు సన్నగానే ఉంది గానీ, మాట తెగేసినట్టు వస్తోంది. బాబాయ్ చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాడు. అంతలో మిషను ఊగి, దాని వెనక కొస స్తంభం వైపు తిరిగింది.

“వెనక్కి లాగండి, వెనక్కి!” అన్నాడు మేనేజరు.

అలవాటు కొద్దీ గొంతక్క కూడా నోరు జారింది. “వద్దు, కుడివైపు...”

“ఆపు!” షెడ్డు దద్దరిల్లింది. పిల్ల మిషను మీంచి చూపు తిప్పలేదు. “ఎవరూ మాట్లాడొద్దు! పిన్నీ, నోర్ముయ్!”

బాబాయ్ నాలుక కరుచుకున్నాడు. గొంతక్క నోరు మూసుకుంది.

ఊగడం ఆగేదాకా పిల్ల అలాగే నిలబడింది. తర్వాత ఎడమకు తిప్పించింది. కుడివైపు గోడ వెంట గ్యాస్ పైపు ఉంది. గొంతక్క నిలబడ్డ చోటికి అది కనపడదు. లేతు మెల్లగా దిగి పునాది బోల్టుల మీద కూర్చుంది.

అప్పుడు గానీ పిల్లకు తానేమన్నదో తెలిసిరాలేదు. “సార్, ఏమీ అనుకోకండి. పిన్నీ, నేను...” అంది.

మేనేజరు స్తంభాన్నీ మిషనునూ చూసి, గొంతు సవరించుకున్నాడు. “వచ్చే వారం ప్రెస్సు మిషను దించాలి. ఈ అమ్మాయినే పంపించండి.”

గేటు దాటకముందే గొంతక్క అక్కకు ఫోన్ చేసింది.

“నీ కూతురు నలుగురిలో నన్ను నోర్ముయ్ అందే!”

“అయ్యయ్యో, దానికెంత పొగరు! చెంప మీద ఒక్కటివ్వకపోయావా?”

“ఎందుకిస్తానే? టక్కున మూసుకున్నాను,” అంది గొంతక్క, షెడ్డులో ఉన్నవాళ్లందరికీ వినపడేలా.